తీసింది ఆ సంచి కాదు బిడ్డా

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. పేరు వేయకండి. మాది నర్సంపేట దగ్గర ఒక ఊరు. నాకు 29 ఏళ్లు, నాలుగేళ్ల పాప ఉంది. పాప పుట్టినప్పటి నుంచి అప్పుడప్పుడు కుడి డొక్కలో నొప్పి వచ్చేది. గ్యాస్ అనుకుని గోలీలు మింగేదాన్ని. ఈ మధ్య స్కానింగ్ తీస్తే గాల్ బ్లాడర్‌లో రాళ్లన్నారు. రెండు నెలల కింద హనుమకొండలో లాప్రోస్కోపీ ఆపరేషన్ చేసి సంచి తీసేశారు. ఇంటికి రాగానే మా అత్తమ్మ “సంచి తీసేసినంక ఇగ సంసారమేంది, వాని జోలికి పోకు” అంది. పక్కింటామె బొడ్డు దగ్గర కుట్టు చూసి “గిది పిల్లలు కాకుండ చేసే ఆపరేషన్ లెక్కనే ఉన్నది” అంది. మా ఆయన ఏమీ అనడు కానీ అప్పటి నుంచి వసారాలోనే పడుకుంటున్నాడు. మూడో వారంలో ఒకసారి దగ్గరికి వచ్చాడు. బొడ్డు దగ్గర గుంజినట్టయింది, కింద మంట పుట్టింది, నాకు ఏడుపొచ్చింది. మళ్లీ రాలేదు. నాకూ మునుపటిలా మనసు పోవట్లేదు. తెల్లబట్ట అవుతోంది, దురద ఉంది. నెలసరి పన్నెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. మాకు ఇంకో బిడ్డ కావాలి. బుగులైతుంది డాక్టరమ్మా. నేను ఇక పనికొస్తానా?

జవాబు: ఆఖరి మాట దగ్గర కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. పనికి రావడానికి నువ్వేమన్నా నాగలివా బిడ్డా? ఇంకెప్పుడూ అలా రాయకు.

మీ అత్తమ్మకు జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. ఆలస్యంగానైనా నెలసరి వచ్చిందని రాశావు. గర్భసంచి లేని మనిషికి నెలసరి ఎక్కడి నుంచి వస్తుంది? నీ గర్భసంచి ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది, దాని పని అది చేస్తోంది.

చిక్కంతా ఆ ఒక్క మాటతో వచ్చింది. మన దిక్కు సంచి అంటే ఒకటే సంచి. మా ఓపీలో ముప్పై ఐదేళ్లు నిండని ఆడవాళ్లు కూడా “సంచి తీయించుకున్న” అని మామూలుగా చెబుతారు. చిన్న వయసులో గర్భసంచి తీయించుకోవడం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంత ఎక్కువంటే, ఆ మాటకు ఇంకో అర్థం మిగల్లేదు. ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో నిలబడి “సంచి తీసేశాం, ఏం భయం లేదు” అని సర్జన్ ఒక్క ముక్క చెప్పి లోపలికి పోతాడు. బయట బెంచీ మీద కూర్చున్న అత్తకు అర్థమయ్యేది అర్థమవుతుంది. ఆయనకు అది పిత్తాశయం, ఆమెకు అది వంశం.

నీలాంటి వాళ్లు వస్తే నేను మందుల చీటీ వెనక బొమ్మ గీస్తాను. కుడి పక్కటెముకల చాటున కాలేయం, దానికి కరుచుకుని చిన్న పొడుగు వంకాయంత తిత్తి. అదే పిత్తాశయం, నీకు స్కానింగ్‌లో చెప్పిన గాల్ బ్లాడర్. పొట్టలో అంతా దాటుకుని అడుగుకు వస్తే, మూత్రాశయం వెనక గర్భసంచి. రెండింటి మధ్య జానెడు దూరం. ఒకదాని గొట్టం ఇంకోదానికి పోదు. పిత్తరసాన్ని తయారుచేసేది కాలేయం, రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా. తిత్తి దాన్ని దాచిపెట్టి, నూనె, నెయ్యి తిన్నప్పుడు పేగులోకి వదిలే గిడ్డంగి మాత్రమే. అందులో ఒకసారికి పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లు, హోటల్ చాయ్ గ్లాసులో సగం. గిడ్డంగి తీసేస్తే సరుకు నేరుగా పేగులోకి పోతుంది. అంతే. ఆడతనానికి కావలసిన హార్మోన్లు అండాశయాల్లో తయారవుతాయి. జననాంగాలకు స్పర్శ ఇచ్చే నరాలు నడుము అడుగున త్రికాస్థి దగ్గర బయల్దేరతాయి. నీ సర్జన్ కత్తెర ఆ దరిదాపులకు కూడా రాలేదు.

పక్కింటామె అనుమానం ఎక్కడిదో కూడా తెలుసు. డీపీఎల్ క్యాంపుల్లో కెమెరాతో చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు కూడా బొడ్డు దగ్గరే రంధ్రం పెడతారు. అక్కడ పొట్ట గోడ పల్చగా ఉంటుంది, కెమెరా పంపడానికి అనువు. కిటికీ ఒకటే కానీ వాళ్లు కిందికి చూస్తారు, నీ సర్జన్ పైకి చూశాడు. నమ్మకం కుదరకపోతే మచ్చలు లెక్కపెట్టు. బొడ్డు దగ్గర ఒకటి, రొమ్ము ఎముక కింద ఒకటి, ఈ రెండూ సెంటీమీటరంత. కుడి పక్కటెముకల కింద కందిగింజంత మచ్చలు రెండు. మామూలుగా పిత్తాశయానికి ఈ నాలుగే. పిల్లల ఆపరేషన్‌కు పక్కటెముకల దగ్గర ఎవరూ కోత పెట్టరు. డిశ్చార్జి కాగితం కూడా తీసి చూడు. ‘లాప్రోస్కోపిక్ కోలిసిస్టెక్టమీ’ అని ఉంటుంది. గర్భసంచి తీస్తే ‘హిస్టరెక్టమీ’ అని, పిల్లల ఆపరేషన్ అయితే ‘ట్యూబెక్టమీ’ అని రాస్తారు. మీ ఊరి ఏఎన్ఎంను ఇంటికి పిలిచి, మీ అత్తమ్మ ముందే ఆ ఒక్క ముక్క చదివించు. ఇక మీదట ఇంట్లో సంచి అనకు. పిత్తాశయం అను, నోరు తిరగకపోతే పైత్యం తిత్తి అను.

మీ అత్తమ్మ మీద కోపం పెట్టుకోకు. ఆమె కాలంలో ఈ ఆపరేషన్ వేరే. మన దేశంలో మొదటిసారి 1990లో ముంబైలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా దీన్ని కెమెరాతో చేశారు. నేను వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఇంకా పక్కటెముకల వెంట పెద్ద కోతే. మనిషి వారం పది రోజులు మంచం దిగేది కాదు. ‘మూడు నెలలు మొగుడి పక్కకు పోవద్దు’ అన్న పథ్యం ఆ కోతకు పుట్టింది. కోత చిన్నదైంది కానీ పథ్యం అలాగే ఉండిపోయింది. పప్పు తింటే చీము పడుతుందనే మాట కూడా ఈపాటికి నీ చెవిన పడే ఉంటుంది. పప్పు మానొద్దు. పుండు మానడానికి కావలసింది అందులోనే ఉంది. (ఇంకో సంగతి. నిజంగా గర్భసంచి తీసినా సంసారం ఆగదు. అది వేరే ఉత్తరానికి జవాబు, కానీ మీ అత్తమ్మ వింటుంటే ఇది కూడా చెవిన వెయ్యి.)

ఇక నీ ఒంటి సంగతి. ఇది పుస్తకంలోంచి మాత్రమే చెప్పడం లేదు. 2016లో బతుకమ్మ నాడు మలీద ముద్దలు నాలుగు తిన్న రాత్రి నన్నూ ఈ నొప్పి చుట్టుకుంది, ఆ నెలలోనే ఆపరేషన్ అయింది. అప్పుడు నాకు 46 ఏళ్లు. రెండో రోజు కుడి భుజం పీకేస్తుంటే, వందల మందికి లాప్రోస్కోపీ చేసిన దాన్ని, గుండెపోటేమోనని భయపడ్డాను. పొట్ట ఉబ్బించడానికి పంపిన కార్బన్ డయాక్సైడ్ కొంచెం మిగిలి, పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరాన్ని కలవరపెడితే, ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో పోయింది. పోనిది అలసట. నెల రోజుల పాటు పక్క మీద అటు తిరగాలన్నా మనసు రాలేదు. ఆ మాట మా ఆయనతో చెప్పడానికే పది రోజులు పట్టింది, గైనకాలజిస్టును అయి ఉండి! కాబట్టి కోరిక పోయిందని రాసినప్పుడు నీ మాట నమ్ముతున్నాను. మత్తు, నొప్పి, చాలీచాలని నిద్ర, సగం తిండి, పైగా ఇంట్లో ఈ మాటలు. ఇన్నిటి మధ్య కోరిక ముందు వరసలో ఎందుకు నిలబడుతుంది? ఒంట్లో బలం వచ్చాక, మనసు కుదుటపడ్డాక అదీ వస్తుంది. నీ వయసు వాళ్లలో రక్తం తక్కువ ఉండటం కూడా మామూలే, ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకో.

అడగలేక అడిగిన ప్రశ్న ఇది: ఎప్పటి నుంచి కలవొచ్చు? కెమెరా ఆపరేషన్ ఇబ్బంది లేకుండా అయితే, చాలామందికి ఒకటి రెండు వారాల్లో వీలవుతుంది. తేదీ కన్నా ఒళ్లే చెబుతుంది. దగ్గినప్పుడు పొట్ట పట్టుకోవాల్సిన అవసరం లేకపోతే, మెట్లు మామూలుగా ఎక్కగలిగితే, కుట్ల దగ్గర చెమ్మ లేకపోతే భయం లేదు. నీకు రెండు నెలలైంది. లోపల ఏదో ఊడిపోతుందనే టెన్షన్ వదిలెయ్. మూడో వారంలో బొడ్డు దగ్గర గుంజింది ఎందుకంటే, పై చర్మం మానినా కింది పొర అప్పటికింకా గట్టిపడలేదు, దాని మీద బరువు పడింది. మళ్లీ దగ్గరైనప్పుడు నీ పొట్ట మీద బరువు పడకుండా చూసుకోండి. ఇద్దరూ ఒకే వైపు తిరిగి పక్కకు పడుకోవచ్చు, లేదా నువ్వే పైన ఉండొచ్చు. అప్పుడు వేగం, లోతు నీ చేతిలో ఉంటాయి. నొప్పి అనిపిస్తే ఆపమని చెప్పు. ఓర్చుకోవడం మంచి భార్య లక్షణమని నేర్పిన వాళ్లు ఈ విషయంలో తప్పు నేర్పారు. ఒకసారి ఓర్చుకుంటే మరోసారికి ఒళ్లే ముందుగా బిగుసుకుంటుంది, ఆ బిగువుతో ఇంకా నొప్పి.

అయితే ముందు ఆ దురద సంగతి తేల్చాలి. కింద మంటకు అసలు కారణం అదే అయి ఉండొచ్చు. ఆపరేషన్ సమయంలో ఇచ్చిన యాంటీబయాటిక్ చెడ్డ క్రిములతో పాటు యోనిలో కాపలా ఉండే మంచి బ్యాక్టీరియాను కూడా తుడిచేస్తుంది. ఆ సందులో ఈస్ట్ అనే ఫంగస్ పెరుగుతుంది. తెల్లబట్ట విరిగిన పెరుగు ముక్కల్లా ఉండి, దురద ఎక్కువగా ఉండి, వాసన లేకపోతే చాలా వరకు అదే. క్లోట్రిమజోల్ అనే మందు లోపల పెట్టుకోవడానికి ఇస్తారు, తగ్గిపోతుంది. కానీ మెడికల్ షాపులో నిలబడి “తెల్లబట్టకు ఏదన్నా ఇయ్యి” అనకు. డాక్టర్‌కో ఏఎన్ఎంకో చూపించు, వాసన వచ్చే తెల్లబట్టకు మందు వేరు. షుగర్ పరీక్ష కూడా చేయించు. డెట్టాల్ నీళ్లతో లోపల కడగొద్దు, సబ్బు పెట్టొద్దు, బయట మామూలు నీళ్లు చాలు. మందు వాడినన్నాళ్లూ కలవొద్దు. తగ్గాక కూడా పొడిగా అనిపిస్తే మెడికల్ షాపులో నీటి ఆధారిత జెల్లీ దొరుకుతుంది. కొబ్బరి నూనె కూడా కొందరు వాడతారు కానీ కండోమ్ వాడేవాళ్లకు అది పనికిరాదు, రబ్బరును చెడగొడుతుంది.

నెలసరి ఒక్కసారి వెనక్కి జరగడం పెద్ద విషయం కాదు. ఆపరేషన్ కూడా ఒంటికి ఒక దెబ్బే, ఆ నెల అండం ఆలస్యంగా విడుదలై ఉంటుంది. ఈసారి మళ్లీ వెనక్కి పోతే మాత్రం ఇంట్లోనే గర్భం పరీక్ష చేసుకో.

రెండో బిడ్డ గురించి. ఈ ఆపరేషన్ వల్ల గర్భం రాకుండా పోదు. నిజానికి నీ రాళ్లకు మొదటి కాన్పే ఒక కారణమై ఉండొచ్చు. గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి పిత్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువవుతుంది, ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ తిత్తిని బద్ధకంగా మారుస్తుంది. రసం నిలవ ఉండి రాయి కడుతుంది. ఆడవాళ్లలో ఈ రాళ్లు ఎక్కువగా రావడానికి అదొక కారణం. నిండు నెలల్లో ఈ నొప్పి వస్తే తల్లికీ డాక్టర్‌కూ ఆగమాగం. నీకు ఆ తిత్తే లేదు కాబట్టి ఆ బెడద చాలా వరకు తప్పింది. ఒంట్లో బలం వచ్చిందని నీకే అనిపించాక, రక్తం సరిచూసుకుని, రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి ప్రయత్నించండి.

బరువుల సంగతి మర్చిపోయాను. మీ దిక్కు మిర్చి ఏరే కాలం వస్తే బస్తా ఎత్తకుండా ఉండరని నాకు తెలుసు. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు ఎత్తకూడదు, నువ్వు దాటేశావు. అయినా నెమ్మదిగా అలవాటు చేసుకో. దగ్గినప్పుడు బొడ్డు దగ్గర ఉబ్బు కనబడితే హెర్నియా కావొచ్చు, సర్జన్‌కు చూపించు. కళ్లు పచ్చబడినా, మూత్రం చిక్కటి చాయ్ రంగులో వచ్చి మలం సున్నంలా తెల్లబడినా, చలిజ్వరంతో పొట్ట నొప్పి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కామెర్లని పసరు మందుకు పోవొద్దు.

మీ ఆయన వసారా సంగతి చివరికి ఉంచాను. నువ్వు ఏడ్చిన రాత్రి అతను ఏమనుకున్నాడో నువ్వు అడగలేదు, అతను చెప్పలేదు. కోపమున్న మగవాడు ఏదో ఒకటి అంటాడు. ఏమీ అనకుండా చాప తీసుకుని వసారాలోకి పోయినవాడు, నా అనుభవంలో, చాలాసార్లు భయపడ్డవాడు. నీకు నొప్పి కలిగించానని అతను కుమిలిపోతున్నాడేమో. ఈ పేజీ అతనికి చదివి వినిపించు. సిగ్గైతే అతని చూపుడు వేలు పట్టుకుని ఆ నాలుగు మచ్చల మీద పెట్టి, నొప్పి లేదని చూపించు. ఆ రాత్రికి అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ప్రశ్న: మాది కరీంనగర్. వయసు 34, ఇద్దరు పిల్లలు. ‘మాలా-ఎన్’ మాత్రలు వాడుతున్నాను. పది రోజుల కింద గాల్ బ్లాడర్ తీశారు. ఆ రెండు రోజులూ వాంతులు, తర్వాత విరేచనాలు. మాత్రలు వేసుకున్నానో లేదో గుర్తులేదు. నిన్న కలిశాం. మత్తుమందుకూ ఈ మాత్రలకూ పడదని మా చెల్లెలు అంటోంది. నిజమేనా?

జవాబు: మీ చెల్లెలు సగం నిజం చెప్పింది, ఆ సగం చాలామందికి తెలియదు. మత్తుకు మాత్రతో గొడవ లేదు. ఆపరేషన్ అయ్యాక కండరాల పట్టు విడిపించడానికి ఒక్కోచోట సుగమడెక్స్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. అది గర్భనిరోధక మాత్రలోని ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్‌ను పట్టేసుకుంటుంది. అది ఇచ్చి ఉంటే ఆ తర్వాత 7 రోజులు కండోమ్ కూడా వాడాలి. వాంతులు ఆగడానికి అప్రెపిటెంట్ అనే మందు ఇస్తే దాని ప్రభావం ఇంకా ఎక్కువ, నెల రోజులు జాగ్రత్త పడాలి. ఈ రెండిట్లో ఏదైనా ఇచ్చారా అని ఆసుపత్రికి ఫోన్ చేసి అడగండి, మత్తు డాక్టర్ రాసిన కాగితంలో ఉంటుంది.

మీ విషయంలో వాంతులే పెద్ద కారణం. మాత్ర వేసుకున్న మూడు గంటల లోపు వాంతి అయితే వేసుకోనట్టే లెక్క. రెండు మూడు మాత్రలు పోయినట్టే అనుకుని, ఇప్పటి నుంచి వరసగా 7 రోజులు మాత్ర తప్పకుండా వేసుకుంటూ కండోమ్ వాడండి. నిన్నటి కలయికకు 72 గంటల లోపు అత్యవసర మాత్ర వేసుకోవచ్చు, కానీ అప్రెపిటెంట్ ఇచ్చి ఉంటే ఆ మాత్ర మీద నమ్మకం పెట్టుకోలేం, డాక్టర్‌ను అడిగి కాపర్-టీ వేయించుకోవడం మేలు. ఇద్దరు పిల్లలు చాలనుకుంటే ఎలాగూ అది మంచి ఆలోచనే. ఇంకో మాట. మాలా-ఎన్‌లో ఈస్ట్రోజెన్ ఉంటుంది, ఆపరేషన్ తర్వాత మంచానికే అతుక్కుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. నడుస్తూ ఉండండి. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే, లేదా ఊపిరి ఆడకపోతే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: జగిత్యాల నుంచి రాస్తున్నాను. టీచర్‌ని, 51 ఏళ్లు. ఆపరేషన్ అయి ఆరు నెలలైంది. భోజనం కాగానే బాత్రూమ్‌కు పరుగెత్తాలి. రాత్రి పూట ఆయన పక్కన ఉంటే కూడా అదే భయం. కలిసినప్పుడు పొడిగా, గీరుకుపోయినట్టుగా ఉంటోంది. పిత్తాశయం తీయడం వల్లేనా?

జవాబు: మొదటిది అవును, రెండోది కాదు. రెండూ ఒకేసారి వచ్చి ఒకదాని నేరం ఇంకోదాని మీద పడింది.

తిత్తి లేకపోవడంతో పిత్తరసం ఆగకుండా కారుతూ కొందరిలో పెద్దపేగును రేపుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. ఆరు నెలలైనా తగ్గలేదు కాబట్టి మీరు డాక్టర్‌ను కలవండి, పిత్త లవణాలను పట్టి ఉంచే కొలెస్టిరమైన్ పొడి లాంటి మందులున్నాయి. ఈలోగా రాత్రి భోజనం ఏడింటికల్లా ముగించండి, సకినాలు, వేపుళ్లు పగటి పూటకు మార్చండి. రాత్రే కలవాలని ఎక్కడా లేదు. ఆదివారం మధ్యాహ్నం అన్నానికి ముందు ఇల్లు ఖాళీగా ఉండదా?

పొడిబారడం మీ వయసుది. నెలసరి ఆగే దశలో ఈస్ట్రోజెన్ తగ్గి యోని పొర పల్చబడుతుంది. జెల్లీతో సరిపోకపోతే లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఉంది, గైనకాలజిస్టు చూసి రాస్తారు. రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. నెలసరి ఆగి ఏడాది దాటాక ఎప్పుడైనా ఎర్రబట్ట కనిపిస్తే, కలిసినప్పుడు గీరుకుందిలే అనుకోకుండా ఆ వారంలోనే చూపించుకోండి.